నలుగురికే సగం పద్దు

(కెనడా, మిసిసాగలో కొడుకు ఇల్లు. 2025 అక్టోబరు. ట్రెజరీలో పనిచేసి రిటైరైన విశ్వనాథం సోఫాలో కూర్చుని, టొరంటో మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టు నీలం జెర్సీ వెనక కుట్టిన అక్షరాలను బ్లేడుతో విప్పుతున్నాడు. సుబ్బలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.)

సుబ్బలక్ష్మి: ఏమిటండీ ఆ పని? లక్షణమైన చొక్కా!

విశ్వనాథం: మార్నర్ పేరు నా వీపు మీద ఉండటానికి వీల్లేదు. మన జట్టు వదిలి వెగాస్ జట్టుకి పోయాడు. ఏడాదికి కోటీ 20 లక్షల డాలర్లట, ఎనిమిదేళ్లట!

సుబ్బలక్ష్మి: ఇచ్చేవాళ్లు ఇస్తుంటే పుచ్చుకోడా? డీఏ అరియర్స్ వస్తే మీరు ఎప్పుడైనా వద్దన్నారా?

విశ్వనాథం: దానికీ దీనికీ ముడిపెట్టకు. ఇక్కడ జట్టు జీతాలన్నిటికీ కలిపి ఒక సీలింగ్ ఉంది. ఓనరు దగ్గర ఎంతున్నా అది దాటడానికి లేదు. 2019లో అది 8 కోట్ల 15 లక్షలు. మాథ్యూస్‌కి కోటీ 16, టవారెస్‌కి కోటీ 10, మార్నర్‌కి కోటీ 9, నైలాండర్‌కి 70 లక్షలు. కూడు!

సుబ్బలక్ష్మి: (కాయ విరుస్తూ) నాలుగు కోట్ల అయిదు.

విశ్వనాథం: సగం పద్దు నలుగురికే! జట్టులో ఇరవై ముగ్గురుంటారు. గోలీ (గోల్‌కీపర్), డిఫెన్స్ అంతా మిగతా సగంలోనే సర్దుకోవాలి. నేనైతే ఆ బిల్లు మీద ఆబ్జెక్షన్ రాసి వెనక్కి కొట్టేవాణ్ణి.

సుబ్బలక్ష్మి: కొట్టేవారు. మార్చి 31 రాత్రి మీరే పాస్ చేసేవారు.

విశ్వనాథం: మన జట్టులో ఆడిన మార్లో సంగతి తెలుసా నీకు? 62 లక్షల 50 వేల జీతం. ఆ కాస్త ఖాళీ కోసం 2019లో కరోలినా వాళ్లకి అతన్ని అంటగట్టి, పైగా ఫస్ట్ రౌండ్ పిక్, అంటే కొత్త కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు మొదటి రౌండ్‌లో మన వంతు, ఇచ్చారు.

సుబ్బలక్ష్మి: ఎదురుకట్నం అన్నమాట. మరి వాళ్లు ఆడించారా?

విశ్వనాథం: ఎక్కడ! డబ్బిచ్చి సాగనంపారు. ఆ పిక్‌తో మాత్రం జార్విస్‌ని తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల ముఖ్యమైన ఆటగాళ్లలో ఒకడు. ఇక మన కాద్రి! 45 లక్షలకే ఆడేవాడు. కొలరాడోకి ఇచ్చేశారు. 2022లో బొటనవేలికి ఆపరేషన్ అయ్యాక వచ్చి, ఫైనల్స్ నాలుగో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టాడు. లీగ్ కప్పు వాళ్లకి. మనకి 1967 తర్వాత దిక్కులేదు.

సుబ్బలక్ష్మి: కాద్రిని పంపింది డబ్బు కోసమేనా? రెండేళ్లు వరుసగా ప్లేఆఫ్స్‌లో కొట్లాడి సస్పెండ్ అయ్యాడు. అది చెప్పరే?

విశ్వనాథం: (ఉలిక్కిపడి) నీకెవరు చెప్పారు?

సుబ్బలక్ష్మి: మీరు టీవీ ముందు గురక పెడుతుంటే, ఆ సూట్లు వేసుకున్నవాళ్లు చెప్పేదంతా వినేది ఎవరనుకున్నారు?

విశ్వనాథం: సరే, హైమన్? అతనేం పాపం చేశాడు? 2021లో సర్దలేక వదిలేశారు. ఎడ్మంటన్ 55 లక్షలకి పట్టుకుపోయింది. 2023-24లో 54 గోల్స్!

సుబ్బలక్ష్మి: అక్కడి స్టార్ మెక్‌డేవిడ్ పక్కన ఆడుతూ కొట్టాడు. ఇక్కడే ఉంటే అన్ని కొట్టేవాడా?

విశ్వనాథం: అన్నిటికీ అడ్డుపుల్ల! మార్నర్ తరఫున నీకు వకాల్తా దేనికి?

సుబ్బలక్ష్మి: తప్పు అతనిది కాదు గనక. మొదటి మూడేళ్లూ మాథ్యూస్ బేసిక్ ఎంత? 9 లక్షల 25 వేలు. కుర్రాళ్లు అలా చవగ్గా ఆడుతున్నప్పుడే వాళ్లతో బేరం తెముల్చుకోవాలి. ముందు 2018లో బయటి నుంచి టవారెస్‌ని తెచ్చి కోటీ 10 ఇచ్చారు. అది చూశాక ఇంట్లో వాళ్లు తక్కువకి ఒప్పుకుంటారా?

విశ్వనాథం: సీలింగ్ ఏటేటా పెరుగుతుంది, అప్పటికి సర్దుకుంటుందనుకున్నారు.

సుబ్బలక్ష్మి: మార్నర్ సంతకం పెట్టింది 2019 సెప్టెంబరులో. ఆర్నెల్లకి కరోనా. స్టేడియాలు ఖాళీ. లీగ్ ఆదాయం పెరిగితేనే కదా సీలింగ్ పెరిగేది? మూడు సీజన్లు 8 కోట్ల 15 దగ్గరే కూర్చుంది. సీలింగ్ లెక్కలో జీతాలు మాత్రం కాగితం మీద ఉన్నట్టే పడతాయి. అందుకు మార్నర్ ఏం చేస్తాడు, మాస్కులు కుడతాడా?

విశ్వనాథం: కరోనా అందరికీ వచ్చింది. ఫ్లోరిడా వాళ్లు కప్పు కొట్టలేదూ? మొన్న మేలో మన గడ్డ మీదే ఏడో మ్యాచ్ 6-1తో ఓడించి వెళ్లారు.

సుబ్బలక్ష్మి: ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. అక్కడ కాస్త తక్కువకి ఒప్పుకున్నా చేతికి దండిగానే వస్తుంది. ట్రెజరీలో అన్నేళ్లు చేసి, ఆ మాత్రం లెక్క కట్టలేదా?

విశ్వనాథం: (గొంతు తగ్గించి) కట్టాను. నువ్వు అడగలేదు.

సుబ్బలక్ష్మి: ఇప్పుడు సీలింగ్ 9 కోట్ల 55 లక్షలైంది. టవారెస్ కూడా 44 లక్షలకి దిగొచ్చి సంతకం పెట్టాడు. అది చెప్పరు, పోయినవాణ్ణి తిడతారు.

విశ్వనాథం: తిట్టడానికి పోయినవాడే మేలు. ఉన్నవాణ్ణి తిడితే గోల్ కొట్టడం మానేస్తాడు. (ఒక అక్షరం తెంపి కింద పడేస్తాడు.)

సుబ్బలక్ష్మి: ఆగండాగండి! మొదటి రెండక్షరాలూ విప్పకండి. మాథ్యూస్‌కి కూడా ఎమ్మూ, ఏనే.

విశ్వనాథం: అవునే! మిగతావి కొనుక్కొస్తే చాలు. వెనక 16 తీసి 34 వేయించాలి.

సుబ్బలక్ష్మి: అతని ఒప్పందం ఎప్పటిదాకా?

విశ్వనాథం: 2028 దాకా.

సుబ్బలక్ష్మి: అయితే గట్టిగా కుట్టించకండి.