బోర్డు అదే, యజమాని వేరు

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లతో మాట్లాడిన ఎవరికైనా తెలిసిన బాధే ఇది. ఒంట్లో నలతగా ఉంటే పొద్దున ఎనిమిదింటికల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. పేటలోని జీపీ సర్జరీకి లైన్ కలిసేసరికి ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. (జీపీ అంటే పేటలోని కుటుంబ డాక్టరు. సర్జరీ అంటే అక్కడ ఆపరేషన్ కాదు, ప్రభుత్వ సొమ్ముతో నడిచే డాక్టరు క్లినిక్.) అంత అవస్థ పడే రోగికి, ఆ క్లినిక్ రేపు ఎవరి చేతిలోకి పోతుందో అడిగే దిక్కు కూడా లేకుండా చేస్తున్నారు. ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిళ్ల చేతిలో మిగిలిన చిన్నపాటి కర్రను 2024 జనవరి 31న లాగేసుకున్నారు. వైద్య సేవల్లో పెద్ద మార్పు తలపెట్టినప్పుడు నచ్చకపోతే ఆ వ్యవహారాన్ని నేరుగా ఆరోగ్య మంత్రి ముందుకు పంపే అధికారం కౌన్సిల్ పరిశీలన కమిటీలకు ఉండేది. ఇప్పుడు లేదు. మంత్రిగారికి ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చట. ఎవరైనా అంటే ఎవరూ కాదని అర్థం.

ఆ అధికారం ఉన్న రోజుల్లోనే జరిగిన నిర్వాకం చూడండి. ఆరుగురు డాక్టర్లు 2004లో పెట్టుకున్న ఏటీ మెడిక్స్ సంస్థ లండన్‌లో 37 ప్రభుత్వ ఒప్పందాల కింద 49 సర్జరీలు నడిపే స్థాయికి ఎదిగింది. 2021 ఫిబ్రవరిలో అది అమెరికా బీమా దిగ్గజం సెంటీన్‌కు చెందిన ఆపరోజ్ హెల్త్ పరమైంది. టెండరు లేదు. ఎందుకంటే ఒప్పందం చేతులు మారలేదు, ఒప్పందం ఉన్న కంపెనీయే చేతులు మారింది. ఇల్లు కొనలేదు, ఇంటి యజమానినే కొనేశారు! ఆరుగురు డైరెక్టర్లూ రాజీనామా చేశారు, కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు. గుమ్మం మీద బోర్డు మాత్రం అదే.

దీనికి ఉత్తర మధ్య లండన్‌లో ఆమోదముద్ర పడింది 2020 డిసెంబరు 17న, ఆ ఒప్పందాలు చూసే అధికారుల కోవిడ్ కాలపు ఆన్‌లైన్ సమావేశంలో. చర్చ తొమ్మిది నిమిషాలు కూడా సాగలేదని, సెంటీన్ పేరే వినబడలేదని ఉద్యమకారులు చెప్పారు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో వాచ్‌మన్‌ని మార్చాలన్నా అంతకంటే ఎక్కువ సేపు మాట్లాడుకుంటాం. రోగుల్ని అడిగారా? లేదు. లండన్‌లోని ఇస్లింగ్టన్ కౌన్సిలర్ అంజనా ఖురానా కోర్టుకెక్కితే 2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో బీబీసీ టీవీ పరిశోధన కార్యక్రమం పనోరమా బృందం ఆపరోజ్ సర్జరీలోకి రహస్యంగా వెళ్లింది. డాక్టర్ల కంటే తక్కువ శిక్షణ ఉన్న సహాయకులు తగిన పర్యవేక్షణ లేకుండానే రోగుల్ని చూస్తున్నారని, ముఖ్యమైన ఉత్తరాలు కొన్ని నెలల తరబడి ఎవరూ చదవకుండా పడి ఉన్నాయని బయటపెట్టింది.

మూడేళ్లు తిరక్కుండానే, 2023 డిసెంబరులో సెంటీన్ ఆపరోజ్‌ను అమ్మేసుకుని వెళ్లిపోయింది. కొన్నది హెచ్‌సీఆర్‌జీ కేర్ గ్రూప్ అనే ప్రైవేటు వైద్య సేవల సంస్థ, ఒకప్పటి వర్జిన్ కేర్. మళ్లీ అదే దారి. ఒకసారి అడగకుండా జరిగితే పొరపాటని సరిపెట్టుకోవచ్చు. రెండోసారి కూడా జరిగిందంటే అది పద్ధతి. మూడోసారికి ఎవరూ ఆశ్చర్యపోరు కూడా. మా భయం అదే.

చిన్న సర్జరీల డాక్టర్లు రిటైరవుతున్నారు, కొత్తవాళ్లు ముందుకు రావడం లేదు, ఎవరో ఒకరు నడపాలి కదా, అంతా చట్టప్రకారమే జరిగింది కదా అని అధికారులు అంటున్నారు. నడపొద్దని ఎవరన్నారు? ఎవరు నడపాలో ఆ పేటవాళ్లను ఒక్క మాట అడగమంటున్నాం. ‘నేను లేకుండా నా గురించి ఏ నిర్ణయమూ వద్దు’ అని 2010లో శ్వేతపత్రంలో రాసుకున్నది ఇంగ్లండ్ ఆరోగ్య శాఖే.

ఇంగ్లండ్‌లో 2024 జనవరి 1 నుంచి వైద్య సేవల సంస్థల ఎంపికకు కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కొన్ని సందర్భాల్లో పోటీ టెండరు లేకుండానే ఒప్పందం ఇచ్చేయవచ్చు. పోటీ పెట్టినా, పెట్టకుండా తగిన సంస్థను ఏరుకున్నా, అభ్యంతరం చెప్పడానికి ఎనిమిది పనిదినాల గడువుంది. ఎవరికి? అవకాశం దక్కని సంస్థలకు. రోగులకు కాదు, కౌన్సిలర్లకు కాదు. పోటీదారుడి నష్టానికి ఎనిమిది రోజులు, పేటవాసి గోడుకు ఒక్క పూట కూడా లేదు. దీన్ని రాసినవాళ్లు ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో వేరే చెప్పాలా?

ఎక్కడో లండన్ గొడవ మనకెందుకని తీసిపారేయకండి. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు పంచాయతీలకు అప్పగించదగ్గవని మన రాజ్యాంగం 11వ షెడ్యూలు 23వ అంశంలో రాసి ఉంది. ప్రజారోగ్యం మున్సిపాలిటీలకు అప్పగించదగ్గదని 12వ షెడ్యూలు చెబుతోంది. అయినా 2016లో ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ ఆరోగ్య కేంద్రాల్ని ప్రైవేటు సంస్థలకు అప్పగించినప్పుడు ఎన్ని వార్డుల్లో జనాన్ని పిలిచి అడిగారు? ఎన్ని కౌన్సిళ్లు ఆ ఒప్పందం కాగితాన్ని తెప్పించుకుని చదివాయి? లండన్‌లో కనీసం ఒక కౌన్సిలర్ కోర్టు మెట్లెక్కింది. ఇక్కడ ఆరోగ్య కేంద్రం రిబ్బన్ కత్తిరించడానికి కార్పొరేటర్‌ను పిలుస్తారు, ఫ్లెక్సీ మీద ఫొటో వేస్తారు, శాలువా కప్పుతారు. ఒప్పందం మాత్రం చూపించరు. చూపించండి అని నోరు తెరిచి అడిగిన కార్పొరేటర్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి.