ఓడ ఓనర్ని తిట్టి లాభం లేదు

మన ఓడ రిపేరుకి కొలంబోకో దుబాయ్‌కో వెళ్ళిందని తెలిస్తే చాలు, ఓనర్‌కి దేశభక్తి లేదని మొదలెడతారు. నాకూ మండుద్ది, ఇంత తీరం పెట్టుకుని అడుగు గీకించడానికి పక్క దేశం పోవడమేంటని. కానీ తిట్టాల్సింది ఓనర్ని కాదు.

ఐదేళ్ళలో రెండుసార్లు ఓడ అడుగు సర్వేయర్‌కి చూపించాల్సిందే, మధ్యలో 36 నెలలు దాటకూడదు, అది ఓడలకి సర్టిఫికెట్ ఇచ్చే క్లాస్ సంస్థల రూలు. అంటే డ్రైడాక్, అదే ఓడని లోపలికి తెచ్చి నీళ్ళు తోడేసే గొయ్యి, ఎప్పుడు కావాలో ముందే తెలుసు. నీళ్ళు తోడేసి, గుల్లలు గీకి, తుప్పు రాలేలా బ్లాస్టింగ్ చేసి, గేజ్ పెట్టి ప్లేటు మందం కొలిచేసరికి ముందు రాసుకున్న రిపేర్ల లిస్టులో లేనిచోట అరిగిపోయి కనపడుద్ది, దాదాపు ప్రతిసారీ. ఆ ఎక్స్‌ట్రా స్టీలుకి రేటెంత? బయట మంచి యార్డులో అయితే మేనేజర్ డాక్ అడుగునే నిలబడి బేరం తేల్చి రాత్రికి ప్లేటు కోయిస్తాడు. మన సర్కారీ యార్డులో ఫైలు పైకెళ్ళాలి, రేపు ఆడిట్‌లో ఎవడేం అడుగుతాడోనని ఒక్కడూ సంతకం పెట్టడు, ఈలోగా ఓడకి చార్టర్ డబ్బులు, అంటే అద్దె, రావు, జీతాలు మాత్రం ఆగవు.

పని రాదా అంటే అదేం కాదు. 2022 ఆగస్టులో అమెరికా నేవీ ఓడ చార్లెస్ డ్రూ చెన్నై దగ్గర కాట్టుపల్లి ఎల్ అండ్ టీ యార్డుకొచ్చి రిపేర్ చేయించుకుని పోయింది. వాళ్ళకి పనికొచ్చిన వెల్డర్ మనకి పనికిరాడా? ఇంకోపక్క వైజాగ్ హిందుస్థాన్ షిప్‌యార్డులో మన నేవీ సింధుకీర్తి సబ్‌మెరైన్ రీఫిట్, అంటే పూర్తి మరమ్మతు, 2006లో మొదలై 2015కి గానీ తెమల్లేదు. రష్యా డిజైను, సామాను అక్కణ్ణుంచి రావాలి, తప్పంతా యార్డుదే అనను. అయినా తొమ్మిదేళ్ళండీ!

టాక్స్ సాకు కూడా ఇప్పుడు చెల్లదు, 2021లో రిపేరు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దించారు. 2024 జనవరిలో కొచ్చిలో 310 మీటర్ల కొత్త డ్రైడాక్, రిపేర్ల కోసమే వేరే షిప్ లిఫ్ట్, అంటే ఓడని నీళ్ళలోంచి పైకెత్తేది, ప్రారంభించారు, సంతోషం. 2025లో మన ముంబై సర్కారీ షిప్‌యార్డు మజగాన్ డాక్ ఏకంగా కొలంబో డాక్‌యార్డులోనే మెజారిటీ వాటా కొంటామని ప్రకటించింది. ఇక అక్కడికెళ్ళినా లాభం మనకేగా అంటారేమో, అందులో వైజాగ్ ఫిట్టర్‌కి ఒరిగేదేంటో చెప్పండి.

నాకైతే డాకుల కన్నా ముందు రెండు కావాలి. చెప్పిన డేట్‌కి ఓడ దించకపోతే రోజుకింతని యార్డే కట్టేలా కాంట్రాక్టు, సాకుల్లేకుండా. రెండోది, డాక్‌లో నిలబడ్డ మేనేజర్‌కి ఎక్స్‌ట్రా పని అక్కడికక్కడే ఓకే చేసే పవర్, తర్వాత ఆడిట్ వాళ్ళు పీక్కుతినకుండా రాతపూర్వకంగా. ఇవి ఇచ్చి చూడండి, అప్పటికీ కొలంబో పోయే ఓనర్ ఉంటే మీతోపాటు నేనూ తిడతా.