పసుపు నీళ్ళు పారిన చోట

కార్తీక వనభోజనాల తర్వాత ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వాట్సాప్ గుంపులో జరిగిన చర్చ మీరంతా చదివే ఉంటారు. చదవని వాళ్ళు అదృష్టవంతులు. సరస్సు పక్కన మనం గుంపుగా బస చేసిన ఆ గ్రూపు సైటు వచ్చే ఏడాదికి మనకు ఇవ్వలేమని పార్కు నుంచి ఉత్తరం వచ్చిన రోజే, "మన పండుగలంటే వీళ్ళకు చిన్నచూపు" అని ఒకాయన రాశారు. దాని కింద వరసగా చప్పట్లు, దండాలు, కోపపు ముఖాలు. నేనేమీ రాయలేదు. ఆ రాత్రి గొడవకు మూలమైన బండి నాది.

ముందు బండి మీద నా మురిపెం కాస్త చెప్పుకోనివ్వండి. పదేళ్ళుగా అనుకుని అనుకుని, పిల్లలు కాలేజీలకు వెళ్ళాక కొన్న ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి మోటారు బండి అది. మీట నొక్కితే నాలుగు కాళ్ళూ దించుకుని తనంతట తానే సమంగా నిలబడుతుంది. ఇంకో మీటకు పక్క గోడ మూడడుగులు బయటికి జరిగి, రైలు పెట్టెలాంటి ఇరుకు కాస్తా హాలు అవుతుంది. పైకప్పు మీద సోలార్ పలకలు, మంచం కింద లిథియం బ్యాటరీలు, నీళ్ళు వేడెక్కేదాకా ఆగక్కర్లేని గ్యాస్ గీజరు. టైర్లలో గాలి ఎంతుందో డ్రైవరు ముందున్న తెర చెబుతుంది. ఉపగ్రహ ఇంటర్నెట్టు సరే సరి. వీటికి తోడు నేను విడిగా కొని బిగించుకున్నవి: బయటి గోడకు టీవీ, పందిరి అంచున రంగులు మారే దీపాలు, రెండు స్పీకర్లు. అడవికి వెళ్ళి టీవీ ఎందుకని మా ఆవిడ అడిగింది. ఇండియా మ్యాచ్ ఉన్నరోజు తెలుస్తుందిలే అన్నాను.

కొనే ముందు ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ దాకా వెళ్ళొచ్చాను. ఈ దేశంలో తయారయ్యే ఆర్‌వీల్లో ఎక్కువ భాగం ఆ ఊరి చుట్టుపక్కల నుంచే వస్తాయి. అక్కడి మ్యూజియంలో 1913 నాటి ట్రెయిలరు ఒకటి ఉంది, ఫోర్డ్ మోడల్ టీ కారుకు కట్టి లాక్కెళ్ళేది. చెక్కపెట్టెకు చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. దాని ముందు నిలబడితే నాకు మా తాతయ్య గూడుబండి కళ్ళలో మెదిలింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ఆ బండిలోనే వెళ్ళేవాళ్ళం. గూట్లో మూరెడు మందాన వరిగడ్డి పరిచి దాని మీద బొంత వేసేవారు. వెళ్ళేటప్పుడు అది మాకు పరుపు, వచ్చేటప్పటికి సగం ఎద్దుల కడుపులో ఉండేది. ఇరుసు కింద వేలాడే లాంతరు, తాటాకు బుట్టలో చద్దిమూట, మూతికి గుడ్డ కట్టిన నీళ్ళ కుండ. మోటారు బండిలో కాపురం కూడా మనకేమీ కొత్త కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే, తిండీ నిద్రా అందులోనే కానిస్తూ రాష్ట్రమంతా తిరిగారు. రోడ్డు పక్కన స్నానాలు చేస్తున్న ఫొటోలు మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటాయి.

అయితే తిరునాళ్ళ మర్నాడు ఆ మైదానం ఎలా ఉండేదో కూడా నాకు గుర్తుంది. ఎంగిలి విస్తళ్ళు, పేడ, బూడిద కుప్పలు. వెనక్కి తిరిగి చూడకుండా బండ్లు కట్టుకుని వచ్చేసేవాళ్ళం. ఎవరు ఎత్తేవారో అప్పుడు ఆలోచించలేదు.

ఇక ఆ శనివారం సంగతి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు, అరవై మందికి. ముందురోజు సాయంత్రానికే పదిహేను కుటుంబాలు చేరుకున్నాయి. అందరూ గుడారాలు వేసుకున్నారు, బండి నా ఒక్కడిదే. కాబట్టి వంటిల్లు నాదే అయింది. ఉసిరిచెట్టు కూడా నా బండిలోనే వచ్చింది. మన కోశాధికారి గారింట్లో చలికాలమంతా గ్యారేజీలో దాచి పెంచుతున్న కుండీ మొక్క, నడుమెత్తు ఉంటుంది. దారిలో ఒరిగిపోకుండా దాన్ని షవర్ తొట్టిలో నిలబెట్టాం.

గారెలకు పొట్టు మినప్పప్పే కావాలని పెద్దవాళ్ళు పట్టుబట్టారు. నానిన పప్పు పొట్టు వదిలేదాకా కడగాలంటే ఎన్ని నీళ్ళు పడతాయో మీకు తెలియంది కాదు. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు, ఆర్నెల్ల వీసా మీద వచ్చింది. సింకు ముందు కుర్చీ వేసుకుని, పప్పు అరచేతుల మధ్య నలిపి, నీళ్ళు వంచి, మళ్ళీ నింపి, మళ్ళీ వంచి, ఏడెనిమిది సార్లు కడిగింది. నల్లటి పొట్టు తేలి సింకు రంధ్రంలోకి సుడి తిరుగుతూ పోతోంది. ఆ తర్వాత బియ్యం. ఆ తర్వాత పులిహోర కలిపిన తపేలాలు, సాంబారు గిన్నెలు. మధ్యలో ఒకసారి అమ్మ చెయ్యి ఆపి అడిగింది: "ఈ కడిగిన నీళ్ళు ఎటు పోతాయిరా?"

"బండే చూసుకుంటుందమ్మా" అన్నాను.

ఆ బండి ఎలా చూసుకుంటుందో కాస్త చెప్పాలి. మన రాష్ట్ర పార్కుల్లో చాలా సైట్లకు కరెంటు, మంచినీళ్ళ కుళాయి ఉంటాయిగానీ మురుగు గొట్టం ఉండదు. సింకులో, షవరులో వాడిన నీళ్ళు బండి కింద గ్రే ట్యాంకులో చేరతాయి. మరుగుదొడ్డిది వేరే ట్యాంకు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గరున్న డంప్ స్టేషన్లో రెండూ ఖాళీ చేసుకోవాలి. నా గ్రే ట్యాంకు నలభై గ్యాలన్లది. నిమిషానికి రెండు గ్యాలన్ల చొప్పున కుళాయి వదిలితే ఇరవై నిమిషాలకు నిండిపోతుంది. లోపలికి వచ్చే నీళ్ళకు గొట్టం తగిలించి ఉంది కనుక అవి అయిపోవు. బయటికి పోయే దారి మాత్రం లేదు. ఇంట్లో ఎప్పుడూ పట్టించుకోనక్కర్లేని లెక్క ఇది.

తెర మీద ట్యాంకు మట్టం కనబడుతుందిగా అంటారు. కనబడింది. మూడింట రెండు వంతులని చూపించింది. గంట తర్వాతా అంతే చూపించింది. ఇలాంటి ట్యాంకుల్లో మట్టం చూసే మేకులు లోపలి గోడకే ఉంటాయి. వాటికి నూనె, జిడ్డు పట్టిందంటే ఇక అవి చెప్పేదంతా అబద్ధమే. రెండేళ్ళుగా నా ట్యాంకు తాగిన సాంబారుకు ఆ మేకులు ఎప్పుడో చూపు పోగొట్టుకున్నాయి. ట్యాంకు బయట గోడకు అంటించే సెన్సర్లు ఇప్పుడు వచ్చాయి, వాటికి జిడ్డు బాధ ఉండదు. కొందామనుకున్నాను. ఆ నెల టీవీ కొన్నాను.

కరెంటుదీ ఇదే కథ. ఆ సైటులో 30 ఆంప్‌ల ప్లగ్గు. 120 వోల్టులతో లెక్కిస్తే 3,600 వాట్లు, అంతకు మించి ఇవ్వదు. ఏసీకి పదిహేను వందలు, ఇండక్షన్ పొయ్యికి పద్దెనిమిది వందలు, మిక్సీకి ఏడున్నర వందలు. మూడూ కలిసిన క్షణాన బ్రేకరు పడిపోయింది. పోపు పొగకు స్మోక్ అలారం కూస్తుంటే ఎవరో దానికి షవర్ క్యాప్ తొడిగారు. గ్యాసు పొయ్యీ జనరేటరూ ఉన్న బండిలో అది ఎంత ప్రమాదమో చెప్పాల్సింది నేను. నవ్వి ఊరుకున్నాను. బ్యాటరీల్లో రెండున్నర యూనిట్లు పడతాయి, ఆ పొయ్యి ఒక్కటే గంటకు దాదాపు రెండు యూనిట్లు తాగుతుంది. ఉన్న ఆ కాస్తా మధ్యాహ్నం రోడ్డు మీద ఏసీ తాగేసింది. దాంతో జనరేటరు వేశాం.

పది గంటలకు క్యాంప్ హోస్ట్ వచ్చాడు. మీలో చాలామందికి ఆయన ఎవరో తెలియదని గుంపులో రాతలు చూస్తే అర్థమైంది. ఆయన ఉద్యోగి కాదు. రిటైరైన భార్యాభర్తలు తమ పాత ట్రెయిలరు తెచ్చి పార్కులో పెట్టుకుంటారు, ఉండటానికి చోటిచ్చినందుకు బదులుగా మనలాంటి వాళ్ళ బాగోగులు చూస్తారు. జీతం ఉండదు. పది తర్వాత జనరేటరు ఆపాలని చెప్పాడు. "అయిదు నిమిషాలు" అన్నాం. అది మన అయిదు నిమిషాలు. పిండి రుబ్బడం అయ్యేసరికి పదకొండు.

అప్పుడే మా అమ్మాయి లోపలి నుంచి పిలిచింది. షవర్ తొట్టిలో నీళ్ళు పైకి వస్తున్నాయి. గ్రే ట్యాంకు నిండితే ఇంకెక్కడికీ పోలేని నీళ్ళు బండిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న రంధ్రంలోంచి తన్నుకొస్తాయి. మా బండిలో అది షవరే. ఉసిరి కుండీ చుట్టూ పులిహోర పసుపు, సాంబారు నూనె, మినపపొట్టు. మట్టం మెల్లగా కుండీ నడుం దాకా ఎక్కింది. బురదలో నిలబెట్టిన దేవుడిలా ఉంది మొక్క.

మన కమిటీ పెద్ద ఒకాయన బండి కిందికి దూరి గ్రే ట్యాంకు మీట లాగారు. గొట్టం లేదు, బకెట్ లేదు, నేల మీదికే. ఆయన పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఆయనకు కనబడేలా టార్చి పట్టుకున్నది నేనే.

నీళ్ళు కంకర మీదుగా పల్లానికి పారి పక్క సైటులోకి వెళ్ళాయి. అక్కడ ఒక జంట, ఇద్దరు చిన్నపిల్లలు, నేల మీద వేసిన గుడారం. పొద్దున చూస్తే ఆ గుడారం ఒక మూలంతా పసుపురంగు. మన ఇళ్ళలో కొత్తబట్టకు ఆ మూలనే పసుపు పెడతాం. ఈ మాట అక్కడ ఎవరో నవ్వుతూ అన్నారు కూడా. నాకు నవ్వు రాలేదు.

హోస్ట్ మళ్ళీ వచ్చాడు. అరవలేదు. తన ట్రెయిలరు దగ్గరికి వెళ్ళి చక్రాల మీద లాక్కెళ్ళే నీలం ప్లాస్టిక్ ట్యాంకు తెచ్చాడు, మిగతా నీళ్ళు అందులోకి పట్టి మూడు సార్లు డంప్ స్టేషనుకు చేర్చాడు. నా గొట్టానికి సరైన మూతి లేదని తన దగ్గరున్న మోచేతి ముక్క, అంటే మోచేతిలా వంగిన గొట్టపు ముక్క, లోపల నీళ్ళు కనబడే పారదర్శకపు రకం, తీసి బిగించాడు. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. మూడో తడవ తిరిగొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. మనలో ఇద్దరం సాయం పట్టాం. మిగతావాళ్ళు గుడారాల్లోకి వెళ్ళిపోయారు.

వివక్ష అనే మాట ఎంత బరువైనదో నాకు తెలుసు. పాతికేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. మాట్లాడే యాసను బట్టి నన్ను వరస చివరికి పంపిన చోట్లు ఉన్నాయి, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సహించక పడుకున్నాను. అలాంటి రోజు కోసం దాచుకోవలసిన మాటను మన మురుగునీళ్ళకు అడ్డం పెట్టుకోవడం నాకు సిగ్గుగా ఉంది.

ఆర్‌వీలు వద్దని చెప్పబోవడం లేదు. ఆ బండి లేకపోతే మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ అడవిలో ఒక్క రాత్రి ఉండగలిగేది కాదు, అర్ధరాత్రి లేచి దూరంగా ఉన్న బాత్‌రూమ్‌కు నడవలేదు. వాళ్ళ నాన్నగారి ఇన్సులిన్ నా ఫ్రిజ్‌లో పెట్టుకున్న కుటుంబం ఉంది. నిద్రలో శ్వాస యంత్రం వాడే ఒక పెద్దాయనకు రాత్రంతా చప్పుడు లేకుండా కరెంటు ఇవ్వగలిగినవి ఆ లిథియం బ్యాటరీలే, అంతకు ముందే మనం ఖాళీ చేయకపోయి ఉంటే. కొత్త సౌకర్యాల్లో పక్కవాడికి వినబడనివి, కనబడనివి చాలా ఉన్నాయి. మనం, అంటే నేను, ముందుగా కొన్నవి వినబడేవీ కనబడేవీ.

కమిటీకి నా విన్నపం. గారెలు మానొద్దు. పొట్టు మినప్పప్పూ మానొద్దు. పప్పు ఇంట్లో కడిగి, రుబ్బి, ఐస్ పెట్టెలో తెచ్చుకుందాం. వంట బండి బయట గ్యాసు పొయ్యి మీద చేద్దాం, అలా అయితే పోపు వాసన అడవికి కూడా తెలుస్తుంది. నా బండి పెద్దవాళ్ళ పడకలకు, మందులకు, వాళ్ళ స్నానాలకు, అంతే. సెన్సర్లు బిగించాను. స్పీకర్లు విప్పేశాను. టీవీ ఇంకా ఉంది, దాని సంగతి మా ఆవిడతో తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు పార్కుకు, ఆ హోస్ట్ దంపతులకు, పక్క సైటు కుటుంబానికి క్షమాపణ ఉత్తరం వెళ్ళాలి. సంఘం పేరు మీద వెళ్ళాలి, నా ఒక్కడి పేరు మీద కాదు. ఉత్తరం రాసి పెట్టాను. అధ్యక్షులవారు చదివారు, "చూద్దాం" అన్నారు. వారం వారం గుర్తు చేస్తున్నాను, ఇప్పుడు పత్రిక ముఖంగా కూడా చేస్తున్నాను.

ఆయన బిగించిన మోచేతి ముక్క తిరిగి ఇవ్వడం ఆ పొద్దున హడావిడిలో మరచిపోయాను. కడిగి, ఆరబెట్టి, ఉత్తరంతో పాటు బండి ముందరి అరలో పెట్టాను. ఈ నెలాఖరు శనివారం వెళ్ళి ఇచ్చి వద్దామనుకుంటున్నాను. మా అమ్మ మినపసున్ని చేస్తానంది. కమిటీ నుంచి ఒక్కరైనా నాతో వస్తారా?