టోకెన్లు అయిపోయాయా సామీ?

అడిగింది రాసిపెట్టే ఏఐ, మహారాజశ్రీ లార్జ్ లాంగ్వేజ్ మోడల్ గారి సముఖమునకు,

తిరుపతి నుంచి నమస్కరించి రాసుకునేది. తోతాపురి తోటకు నీళ్లొచ్చే కాలువ పూడిపోయిందని కలెక్టరు గారికి అర్జీ రాసిపెట్టమని నిన్న మధ్యాహ్నం మా చిన్నాయన వస్తే తమరినే ఆశ్రయించాం. ఒకటికి నాలుగుసార్లు దిద్దించుకుని, చివరికి "కావున తమరు దయతలచి" దాకా వచ్చి ఆగిపోయారు. 299 రూపాయలకు కొన్న టోకెన్లు, అంటే తమరు మాటల్ని తుంచి లెక్కగట్టే ముక్కలు, అయిపోయాయట, మళ్లీ రీఛార్జి చేయాలట! ఈలోగా అర్జీలో మా చిత్తూరు జిల్లా బంగారుపాళ్యాన్ని తమిళనాడులో కలిపేశారు. దానికి మాత్రం ఏ ఆటంకమూ రాలేదు. చిన్నాయన కాసేపు స్క్రీన్ వైపు చూసి, తెల్లకాగితం అడిగి తీసుకుని మిగతాది తనే రాసుకున్నాడు. మొదటి రెండు వాక్యాలు మాత్రం తమరివే ఎక్కించాడు. బాగున్నాయి మరి, అబద్ధమెందుకు.

తమరి వంశం పెరుగుదల చూస్తే కళ్లు తిరుగుతాయి. 2019లో జీపీటీ-2 అనే మోడల్‌కు 150 కోట్ల పారామీటర్లు, అంటే చదువుతూ లోపల సర్దుకునే అంకెలు. మరుసటి ఏడే జీపీటీ-3కి 17,500 కోట్లు. దానికి చదువు చెప్పడానికే సుమారు 12.87 లక్షల యూనిట్ల కరెంటు కాలిందని అంచనా. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఐదువందల ఏళ్లకు పైగా సరిపోతుంది. 2022లో చించిల్లా అనే 7,000 కోట్ల పారామీటర్ల బక్కప్రాణి, ఎక్కువ పాఠాలు చదివి, తనకు నాలుగింతలున్న గోఫర్ అనే మోడల్‌ను పరీక్షల్లో ఓడించింది. అయినా తిండి తగ్గిందా? 2024లో మెటా కంపెనీ లామా 3.1 మోడళ్లలో పెద్దదాన్ని తయారుచేయడానికి 16,000కు పైగా జీపీయూ చిప్పులు, ఒక్కోటి 700 వాట్లు. సరే, తినండి.

కానీ ఆ టోకెన్ల సంగతి తేలాలి. సర్వదర్శనం టోకెన్ల కోసం లైన్లో నిలబడటం తిరుపతివాళ్లకు కొత్త కాదు. అక్కడ మనిషికి ఒకటే టోకెన్, ఏ భాషవాడైనా సరే. తమరి దగ్గర లెక్క వేరు. 2024 మేలో జీపీటీ-4ఓను విడుదల చేస్తూ దాని తయారీదారులే చూపించారు: నా పేరు ఫలానా, మిమ్మల్ని కలవడం సంతోషం అనే పలకరింపు పాత పద్ధతిలో ఇంగ్లీషుకు 27 టోకెన్లు, తెలుగుకు 159! కొత్త పద్ధతిలో 45కు దించామని గొప్పగా చెప్పుకున్నారు. ఇంగ్లీషుకు 24. అంటే ఇప్పటికీ దాదాపు రెట్టింపు.

ఏంది సామీ ఇది? నువ్వు చదివిన రాశిలో తెలుగు చిటికెడు. తరచూ కనబడిన ముక్కలకే నీ పద్దులో చోటు, మిగతావి ఇంకా చిన్న తుంపులు. "శ్రీ" అని రాస్తే కంప్యూటర్లో 12 బైట్లు, ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటి. మా మాటను తుంపులు తుంపులు చేసేది నువ్వు, తుంపుకింత అని డబ్బు కట్టేది మేమా? లక్షల యూనిట్లు మింగి నేర్చింది ఇదేనా?

ఇప్పుడు విశాఖకు కూడా వస్తున్నావు. నీ కంప్యూటర్లుండే గిగావాట్ స్థాయి డేటా కేంద్రానికి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. రా. కరెంటు ఇక్కడిది కాల్చి, మళ్లీ మాకే రెట్టింపు రేటు చెప్పావంటే మాత్రం మర్యాద దక్కదు.

జనం రాసే దయచేసి, థాంక్యూలకే కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని మీ రంగంలో పెద్దమనిషి సామ్ ఆల్ట్‌మన్ 2025లో అన్నాడు. అందుకే చివర్లో ధన్యవాదాలు చెప్పడం లేదు. తెలుగులో అది ఎన్ని టోకెన్లవుతుందో!