మా వాచ్‌మన్‌కు కోచ్ హోదా ఇవ్వాల్సిందే

ఈ వేసవిలో తిరుపతి పిలకాయల పరుగు వేగం పెంచడానికి జరుగుతున్న కృషి చూస్తే నాకు గర్వంగా ఉంది. ఎనిమిదేళ్ల మా వాణ్ని నేనూ నెలకు మూడు వేలు కట్టి సమ్మర్ క్యాంపులో చేర్చాను. అక్కడ నేల మీద ప్లాస్టిక్ నిచ్చెన పరుస్తారు, గడిగడిలో కాలు పెడుతూ దాటాలి. మా ఆవిడ ఒకసారి చూసి, "ఇది తొక్కుడుబిళ్ల కదండీ" అంది. ఎలా అవుతుంది? తొక్కుడుబిళ్లకు రసీదు ఇవ్వరు.

నిచ్చెనతో చిన్న చిక్కుంది లెండి, గడులు కదలవు. పది రోజుల్లో అడుగుల వరుస ఎక్కాల్లా నోటికొచ్చేస్తుంది. అసలు చురుకుదనమంటే ఎదుటివాడు ఎటు వస్తున్నాడో చూసి అప్పటికప్పుడు దారి మార్చడం. ఆ ఎదుటివాడే మా వాచ్‌మన్.

మా అపార్ట్‌మెంటులో 'పార్కింగులో ఆడరాదు' అని బోర్డుంది కాబట్టి పిల్లలు రోజూ అక్కడే ఆడతారు. అరవై దాటిన ఆయన కర్ర పట్టుకుని "రేయ్ పిలకాయలూ, కార్లకు గీతలు పడితే ఎవుర్రా కట్టేది?" అని లేస్తాడు. అంతే, స్తంభం దగ్గర ఎడమకి, రెండు స్కూటర్ల సందులోంచి కుడికి, మొత్తం పదిహేను మీటర్లు, నాలుగు సెకన్లలో ఒక్కడూ కనపడడు. ఆయన వగరుస్తూ కుర్చీలో కూలబడి మోకాళ్లు నొక్కుకుంటాడు. ఆ రెండు నిమిషాల్లో పిల్లలకు ఊపిరి కుదురుకుని మళ్లీ దిగుతారు. చిన్నపిల్లలకు వేగం రావాలంటే పదీ ఇరవై మీటర్లు ప్రాణం పెట్టి ఉరికించి, పూర్తిగా తేరుకోనిచ్చి, మళ్లీ ఉరికించాలి, శిక్షణ పద్ధతి అదే. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు, ఆయన మోకాళ్లు చదివినట్టున్నాయి.

మూడో అంతస్తు సారు మాత్రం వేగం కోసమని కూతుర్ని ఆదివారం ఆదివారం అలిపిరి మెట్లు ఎక్కిస్తున్నారు. 3,550 మెట్లకు పుణ్యమొస్తుంది, దమ్మూ పెరుగుతుంది, వేగం సంగతి వేరు. పోయినవారం గాలిగోపురం నుంచి పాపను భుజమ్మీద మోశారట. సారు ట్రైనింగ్ బాగా సాగుతోంది.

పెద్ద పోటీల్లో తుపాకీ పేలాక 0.1 సెకనులోపు కదిలితే ఫౌల్, అంత తొందరగా మనిషి స్పందించలేడని లెక్క. మా వాళ్లు వాచ్‌మన్ కుర్చీ కిర్రుమనకముందే లేస్తారు కనక అందరూ ఫౌలే.

ఇంత జరుగుతుంటే అసోసియేషన్ వాళ్లు ఆయన్ని మాన్పించి సీసీ కెమెరా పెడతారట. కెమెరా వెంటపడి తరుముతుందా? మొన్న మీటింగులో లేచి, క్యాంపు ఫీజులో సగం ఆయనకిచ్చి కోచ్ హోదా ప్రకటించాలని గట్టిగానే అడిగాను. సెక్రటరీ గారు అంతా విని, తన స్కూటర్ అద్దం పగలగొట్టింది ఎవరి కొడుకని మెల్లగా అడిగారు. ఆయన కుర్చీ కిర్రుమంది. అక్కణ్నుంచి మెట్ల దాకా పన్నెండు మీటర్లుంటుందేమో, మధ్యలో ఒక స్తంభం.