ప్రథమ గీతాధికారిని నియమించండి

పుట్టుకకు ధ్రువపత్రం ఉంది, పెళ్లికి ఉంది, మరణానికీ ఉంది. కొత్త అకౌస్టిక్ గిటారు మీద పడే మొదటి గీతకు మాత్రం ఏ కార్యాలయంలోనూ దరఖాస్తు ఫారం దొరకదు. పౌరులు దిక్కుతోచక కుమిలిపోతుంటే యంత్రాంగం చోద్యం చూస్తోంది.

బాధితుణ్ని ఒకసారి గమనించండి. గిటారును ట్యూబులైటు కిందికి తెచ్చి ఏటవాలుగా తిప్పుతాడు. ఒక కోణంలో గీత కనబడదు, ప్రాణం లేచివస్తుంది. ఇంకాస్త వంచితే తళుక్కుమంటుంది. గోరు ఆనించి మెల్లగా లాగి చూస్తాడు. గోరు జారిపోతే దెబ్బ పైపైనే ఆగినట్టు, తట్టుకుంటే లోతుగా దిగినట్టు. ఆ తీర్పు వెలువడగానే నేరస్థుడి కోసం వేట మొదలవుతుంది. చొక్కా గుండీలను, బెల్టు బకిల్‌ను విచారించి వదిలేశాక అనుమానమంతా ఆదివారం భోజనానికి వచ్చిన మామయ్య మీదికి పోతుంది. "ఏదీ, ఇలా ఇవ్వరా, ఒకసారి చూస్తాను" అని అందుకున్న ఆ పెద్దమనిషి చూపుడు వేలికి పుష్యరాగం, ఉంగరపు వేలికి పగడం. గ్రహదోషం ఆయనకు పోయి గిటారుకు పట్టింది.

తర్వాత వైద్యం. టూత్‌పేస్టు రాస్తే పోతుందని చెప్పేవారు ఇంటికొకరు ఉంటారు. అందులో ఉండేది సానపట్టే సన్నని పొడి. గీత అలాగే ఉంటుంది, దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర మెరుపు పోతుంది. మెరుపు లేని మ్యాట్ పాలిష్ అయితే అంతమేర అక్కర్లేని మెరుపు వస్తుంది.

ముందు జాగ్రత్తపరుల తీరు వేరు. పైచెక్కకు ఎక్కువగా వాడే స్ప్రూస్ మెత్తని కలప కాబట్టి, తీగలు మీటే పిక్ అనే బిళ్ల తగలకుండా పిక్‌గార్డ్ అనే పలుచని రేకు పెట్టారు. దాని మీద ఫ్యాక్టరీ అంటించిన ప్లాస్టిక్ పొరను వీరు ఒలవరు. చెక్కను పిక్‌గార్డ్, పిక్‌గార్డ్‌ను పొర, పొరను వాయించకపోవడం కాపాడుతూ ఉంటాయి. గిటారు పైచెక్క దళసరే సుమారు మూడు మిల్లీమీటర్లు, దాని మీది పూత ఇంకెంత? ఆ పూతలో పడ్డ గీతకు నాదం మారదు. మారిందని వాదించేవారికి రెండో తీగ శ్రుతి తప్పిన సంగతి మాత్రం వినబడదు.

అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969 నుంచి ఒకే మార్టిన్ ఎన్-20తో నెట్టుకొస్తున్నాడు. అది వేళ్లతో మీటాల్సిన నైలాన్ తీగల గిటారు, పిక్‌గార్డ్ ఉండదు. ఈయన పిక్‌తో వాయించగా వాయించగా నాదం వెలువడే సౌండ్‌హోల్ పక్కన రెండో రంధ్రం పడింది. పైగా తెలిసినవాళ్లెందరి చేతో దానిమీద సంతకాలు పెట్టించుకున్నాడు. మన ఇళ్లలో అయితే అది ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కి స్టీలు గిన్నెగా తిరిగి వచ్చేది. ఇక ఫెండర్ కంపెనీ 1990ల మధ్య నుంచి కొత్త ఎలక్ట్రిక్ గిటార్లను పనిగట్టుకుని గీయించి, పెచ్చులూడగొట్టించి, 'రెలిక్' పేరుతో ఎక్కువ ధరకు అమ్ముతోంది. మామయ్య గీస్తే నష్టం, కంపెనీ గీస్తే విలువ!

అందుకే ప్రభుత్వానికి నా వినతి. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక ప్రథమ గీతాధికారిని నియమించాలి. గిటారు కొన్న నెలలోగా యజమాని దానితో సహా హాజరు కావాలి. అధికారి వర్జ్యం చూసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట, బీరువా తాళంచెవితో అంగుళం గీత గీసి, ముద్ర వేసి రసీదు ఇస్తారు. ఆ రోజు నుంచి యజమాని నిర్భయంగా వాయించుకోవచ్చు. చేయి తడిపి వెనకచెక్క మీద గీయించుకునేవారు ఉంటారు కనుక ఆకస్మిక తనిఖీలు తప్పవు. అయిదేళ్లయినా మంచం కింద పెట్టెలో నిగనిగలాడుతున్న గిటారు దొరికితే స్వాధీనం చేసుకుని పక్కింటి పిల్లలకు ఇచ్చేయాలి. సిబ్బంది కొరత ఉన్న జిల్లాల్లో రాళ్ల ఉంగరాల మామయ్యలను ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో తీసుకోవచ్చు. వారికి శిక్షణ ఖర్చు కూడా ఉండదు.