సున్నా తొమ్మిది కన్నా తక్కువే, ఒప్పుకున్నాం

సాఫ్ట్‌వేర్లు రాసుకునే చిట్టా లైన్లలో, అనగా లాగ్స్‌లో, అక్కర్లేనివి పారేసే మహారాజశ్రీ లాగ్ ఫిల్టర్ గారి దివ్యసముఖమునకు, ఏ వేళ ఫోన్ మోగినా లేవాల్సిన ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్న ఒక అభాగ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నా కుశలం సంగతి కింద రాస్తాను. మీరు ఎన్ని లైన్లు రాలగొట్టారో లెక్కచెప్పే మెట్రిక్ ఒకటి ఉంది గానీ, దాన్ని మేమెవ్వరం డ్యాష్‌బోర్డులో పెట్టుకోలేదు. కాబట్టి మీరు బాగున్నారనే అనుకుంటూ వచ్చాం.

మిమ్మల్ని పిలిచి పీట వేసింది మేమే. మా సాఫ్ట్‌వేర్లని నడిపే కుబర్నెటిస్ క్లస్టర్‌లో రెండొందల పాడ్‌లు, అంటే ప్రోగ్రాములు నడిచే పెట్టెలు. పది సెకన్లకోసారి ఒకరొచ్చి "బతికే ఉన్నావా?" అని, ఇంకొకరొచ్చి "పనికి సిద్ధమేనా?" అని ఒక్కో పాడ్ తలుపూ కొడతారు. కొట్టిన ప్రతిసారీ అది ఒక లైను రాసుకుంటుంది. అంటే పాడ్‌కి రోజుకి 17,280 లైన్లు, అన్నీ కలిపితే 34,56,000. ఇంట్లో తాతగారు రోజంతా ఇలా "ఉన్నాన్రా, ఉన్నాన్రా" అంటుంటే మనవలు చెవుల్లో దూది పెట్టుకోరూ! పైగా ఈ ఉన్నాన్రాలన్నీ దాచిపెట్టే కంపెనీ జీబీల లెక్కన డబ్బులు గుంజుతుంది. బిల్లు చూసి మేనేజర్ గారు మీటింగ్ పెట్టారు. ఆ మీటింగ్‌లోంచి మీరు పుట్టారు.

మీ కాపురం లాగ్స్‌ని పోగుచేసి చేరవేసే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌లో. 2019లో ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అనే రెండు కుటుంబాలు కలిసిపోయి కట్టుకున్న ఇంట్లో గది అది. డేటా 4317 పోర్టు గుమ్మంలో దిగి, మీ చేతుల మీదుగా నడిచి, వెనక గుమ్మంలోంచి వెళ్లాల్సిన చోటికి వెళ్తుంది. మొదటి వారం మీరసలు పనే చేయలేదు. సెట్టింగులు రాసే యామిల్ ఫైల్లో ప్రాసెసర్ల కింద మీ పేరు భేషుగ్గా రాశాం గానీ, దిగువన ఎవరెవరు పనిలోకి దిగాలో చెప్పే సర్వీస్ పైప్‌లైన్‌లో చేర్చలేదు. ఓటరు కార్డు ఉండీ జాబితాలో పేరు లేనివాడి గతి పట్టింది మీకు.

రెండో వారం మా కుర్రాడొకడు "ఎర్రర్ అయితే" అని షరతు రాశాడు. షరతుకి సరిపోయినవాళ్లని మీరు లోపలికి రానిస్తారనుకున్నాడు పాపం. మీ దగ్గర షరతుకి సరిపోతే బయటికే. టెస్టింగ్‌లో ఒక పూటంతా ఎర్రర్లు పోయి ఉన్నాన్రాలు మిగిలాయి. మా సాఫ్ట్‌వేర్ అంత ఆరోగ్యంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

మీ తోడల్లుడు రౌటింగ్ గారి సంగతి వేరే ఉత్తరం రాయాలి. ఎర్రర్లు ఖరీదైన ప్లాట్‌ఫామ్‌కి, ఆడిట్ లాగ్స్ సెక్యూరిటీ టీముకి పంపమంటే పంపిస్తారు. "మిగతావి ఇటు" అని డిఫాల్ట్ దారి చెప్పకపోతే మాత్రం మిగతావి గాల్లో కలిపేస్తారు. చిరునామా దొరకని ఉత్తరాల కోసం తపాలా శాఖ సైతం ఒక ఆఫీసు నడుపుతోంది.

సరే, నా కుశలం. పోయిన నెల ఒక శనివారం రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. కస్టమర్ల డబ్బులు కట్ అవుతున్నాయి, ఆర్డర్లు పడటం లేదు. డ్యాష్‌బోర్డు తెరిస్తే ఆగస్టు నెల కోనసీమలా అంతా పచ్చగా ఉంది. పేమెంట్ సర్వీసు లాగ్స్ వెతికితే ఒక్క లైను లేదు. గంటన్నర సేపు డేటాబేస్‌ని అనుమానించాం, నెట్‌వర్క్ వాళ్లని నిద్రలేపి మరీ అనుమానించాం, ఆ సాయంత్రం రిలీజ్ చేసిన అమ్మాయిని అందరికన్నా ఎక్కువ అనుమానించాం. చివరికి విసుగొచ్చి నేరుగా పాడ్ దగ్గరికే వెళ్లి చూస్తే, "ఎర్రర్: గేట్‌వే టైమవుట్" అని లైను మీద లైను. అది గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. వినిపించకుండా తలుపేసింది తమరు.

మీ లోకంలో ప్రతి లాగ్‌కీ తీవ్రత అని ఒక అంకె. డీబగ్ 5 నుంచి, ఇన్ఫో 9 నుంచి, ఎర్రర్ 17 నుంచి. ఏదీ తెలియకపోతే 0. మా పేమెంట్ సర్వీసు పాతకాలం మనిషి, లాగ్‌ని పద్ధతిగా పేరూ విలువా అని విడదీసి రాసే జేసన్ గీసన్ దానికి రాదు, నోటికొచ్చినట్టు ప్రింట్ చేస్తుంది. అందులో ఎర్రర్ అన్న మాట చదివి అంకె వేసే పార్సర్ మేము పెట్టలేదు. కాబట్టి సున్నా. మేం మీకిచ్చిన ఆజ్ఞేమో, తొమ్మిది కన్నా తక్కువైతే పారెయ్. సున్నా తొమ్మిది కన్నా తక్కువే, ఒకటో తరగతి పిల్లాడైనా చెప్తాడు. జబ్బేమిటో తేలలేదంటే జబ్బు లేనట్టేగా అని రోగిని ఇంటికి పంపేసిన డాక్టరుకి మీ లెక్కే వచ్చుండాలి.

మా అమ్మమ్మ చేటతో బియ్యం చెరిగేది. ఊక ఎగిరి ముందు కుప్పగా పడేది. లేచే ముందు ఆ కుప్పలో వేళ్లు పెట్టి ఒకసారి కెలికి, గింజలు కనిపిస్తే ఏరి చేటలో వేసుకునేది. మీ ముందు కుప్పే ఉండదు, మీరు పారేసింది పారేసినట్టే. పారేసేవాటిలో నూటికొకటైనా చవక స్టోరేజీలో పడేలా ఇంకో దారి వేయొచ్చు. నేను ఆ మాట ఆ మొదటి మీటింగ్‌లోనే అన్నాను. మినిట్స్‌లో లేదు.

సోమవారం మీ షరతులో ఒక చిన్న ముక్క చేర్చాం: సున్నా అయితే పారెయ్యకు, పోనియ్. ఆ మధ్యాహ్నమే ఇంకో నాలుగు సర్వీసులు మాట్లాడడం మొదలుపెట్టాయి. వాటిలో ఒకదాన్ని ఎప్పుడో ఆపేశామనుకున్నాం. దాంతో బిల్లు మళ్లీ లేచింది, గురువారం మీటింగ్. అజెండాలో మొదటి పేరు మీదే.

ఇట్లు,
మీ ఆన్‌కాల్ ఇంజినీరు

తా.క.: ఈ ఉత్తరానికి తీవ్రత వేయడం మర్చిపోయాను. ఇన్ఫో అనుకోండి, తొమ్మిది. తొమ్మిది తొమ్మిది కన్నా తక్కువ కాదు, గమనించ ప్రార్థన.